పేటలో మోచెయ్యంటే వేరు

ప్రమీలారాణి కుట్టుమిషను తొక్కితే నందిగామ అవతలి కీసర దాకా కరెంటు తీగలు ఊగేవని జగ్గయ్యపేటలో చెప్పుకునేవారు. చెప్పుకునేవారంటే, ముందుగా ఆ మాట ప్రమీలారాణే చెప్పేది. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వినవాళ్ళే ఇంటికెళ్ళి ఇంకొకరికి చెప్పేవాళ్ళు. నాలుగు నోళ్ళు తిరిగి ఆ మాట మళ్ళీ ఆవిడ చెవినే పడేసరికి, "చూశావా, ఊరంతా అంటున్నారు" అని ఆవిడే నమ్మేసేది.

పుట్టింది నందిగామలో, పత్తీ మిరపా పండించే ఇంట్లో. చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. ఎందుకు ఆగిందంటే, "నేనడిగిన లెక్కకి జవాబు చెప్పలేక మా లెక్కల మాస్టారు బదిలీ పెట్టించుకుని పారిపోయారు. మాస్టారే లేని బడిలో నేనేం చెయ్యను?" అనేది. అసలు సంగతి ఆవిడ అన్నయ్య జగన్నాథరావుకు తెలుసు. లెక్కల్లో వందకు పదకొండు. ఆ పదకొండూ చేతిరాత ముద్దుగా ఉందని వేసినవి.

పెళ్ళై పేటకొచ్చింది. మొగుడు సుబ్బరాయుడు సున్నపురాయి గనుల నుంచి సిమెంటు ఫ్యాక్టరీకి లారీ తోలేవాడు. పొద్దున నల్లగా వెళ్ళి సాయంత్రం తెల్లగా తిరిగొచ్చేవాడు. "ఒక్కణ్ణే చేసుకున్నా, ఇద్దరితో కాపరం చేస్తున్నా" అని ప్రమీలారాణి అంటే పాపం ఆయన ఆ తెల్లటి మొహంతోనే నవ్వేవాడు. అప్పుడు రెండు కళ్ళూ ఒక నోరూ మాత్రం కనిపించేవి.

తొంభై రెండులో బస్టాండు వెనక సందులో, ఇంటి ముందు గదిలోనే, 'ప్రమీలా లేడీస్ టైలర్స్' అని బోర్డు కట్టింది. టేపు పట్టకుండా కళ్ళతోనే కొలత తీసేది. కదులుతున్న బస్సు కిటికీలో కూచున్న మనిషిని ఒక్క చూపు చూసి జాకెట్టు కుట్టి తరవాతి బస్సుకి పంపించానని, అది అతికినట్టు సరిపోయిందని చెప్పేది. వేదాద్రిలో కృష్ణలో మునిగినప్పుడు జాకెట్టుకి గుచ్చుకున్న సూది నీళ్ళలో పడిపోతే, నెల తిరక్కుండా సంతలో కొన్న చేప కడుపులో దొరికిందట. "సూది దొరకడం కాదే, దారం కూడా ఊడలేదు. అదీ మన ముడి!" అనేది.

షాపులో తలుపు పక్కన ఒక చెక్క బల్ల ఉండేది. ఆడవాళ్ళని కొలతలకి తీసుకొచ్చిన మొగుళ్ళూ అన్నదమ్ములూ దాని మీద కూచుని పేపరు తిరగేసేవారు. ఈ కథలో సగం గొడవకి ఆ బల్లే కారణం.

తొంభై అయిదు ఎండాకాలంలో ఒక కొత్త పెళ్ళికూతురు కొలతలకొచ్చింది. మొగుడు బల్ల మీద కూచున్నాడు. ప్రమీలారాణి చెయ్యి కొలుస్తుంటే ఆ పిల్ల చెవిలో గుసగుసగా, "అక్కా, కింద ఒకటే మంట. దురద. ఎవరికి చెప్పాలో తెలీట్లా" అంది.

బల్ల మీద పేపరు దిగింది. "ఏంటి మంట?"

ఆ పిల్ల మొహం పాలిపోయింది. ప్రమీలారాణి చేతిలో టేపు అప్పుడు మోచేతి దగ్గరుంది. తడుముకోకుండా, "మోచెయ్యండీ. పాత జాకెట్టు మోచేతి దగ్గర పట్టేసి మండుతోందంట. వదులు చేస్తాలెండి" అంది.

పేపరు మళ్ళీ లేచింది.

అంతే. ఆ రోజు నుంచి పేటలో ఆడపిల్లల మోచేతులకి కొత్త కష్టాలు మొదలయ్యాయి. "అక్కా, మోచెయ్యి బాలేదే" అని ఒకరు, "పిన్నీ, మోచెయ్యి మళ్ళీ మొదలైంది" అని ఒకరు. దర్జీ కొట్లో మోచెయ్యి గురించి మాట్లాడితే ఎవరు తలెత్తి చూస్తారు? ఎదుటే బల్ల నిండా మగవాళ్ళుండగా ఆడపిల్లలు తమ బాధ నిక్షేపంగా చెప్పుకునేవారు. ఒకాయన పాపం, "ఏంటోనండీ, ఈ ఊరి నీళ్ళు పడవేమో, మా ఆవిడకీ మోచేతి బాధే" అని పక్కాయనతో చెప్పుకున్నాడు కూడా.

బాధ వినడంతో ఆగితే బాగుండేది. ప్రమీలారాణి వైద్యం కూడా మొదలుపెట్టింది. ఆవిడ తేల్చింది ఒకటే జబ్బు: సిమెంటు దుమ్ము. ఆవిడ దగ్గరున్నది ఒకటే మందు: కడగడం. "రెండు పూట్లా సబ్బేసి రుద్దు. నీళ్ళలో పోస్తే పాలలా తెల్లబడే మందుంటుందే, గాయాలు కడిగేది, అది రెండు మూతలు పొయ్యి. పైన వాసన పౌడరు చల్లు. మూడు రోజుల్లో మోచెయ్యి మేనకలా మెరవకపోతే నా పేరు మార్చుకుంటా."

తగ్గినవాళ్ళు వచ్చి చెప్పేవాళ్ళు. తగ్గనివాళ్ళు సిగ్గుపడి ఊరుకునేవాళ్ళు. అందువల్ల ప్రమీలారాణికి తెలిసినంతలో అందరికీ తగ్గిపోయింది.

రెండు వేల రెండు జూలైలో మేనకోడలు లహరి పెట్టె సర్దుకుని పేటకొచ్చింది. జగన్నాథరావు కూతురు. ఇరవై మూడేళ్ళు. తల్లి చిన్నప్పుడే పోతే, జడ వెయ్యడం దగ్గర్నుంచి లంగా ఓణీ కట్టడం దాకా సెలవులకొచ్చినప్పుడల్లా ఈ మేనత్తే నేర్పింది. రెండుసార్లు పరీక్ష రాసి, రెండోసారి గవర్నమెంటు టీచరు ఉద్యోగం కొట్టింది. వేదాద్రి దారిలో ఒక పల్లె బడి. నందిగామ నుంచి రోజూ దూరమని అత్త ఇంట్లో దిగింది.

"మా ఇంట్లో తొమ్మిది దాటిన మొదటి ఆడపిల్ల" అని ప్రమీలారాణి సందంతా చెప్పింది. లహరి డిగ్రీ, బీఈడీ కూడా చేసిందని ఎవరో గుర్తు చేస్తే, "అదే అంటున్నా, తొమ్మిది దాటితే ఇంకేవైనా దాటొచ్చు" అంది.

టీచరమ్మ కోసం ఆరు నూలు చీరలు తీసి గంజి పెట్టింది. లంగాలకీ పెట్టింది. లోపలి బట్టలకి కూడా పెట్టింది. ప్రమీలారాణి గంజి పెట్టిన లంగా గోడకి ఆనించకుండానే నిలబడేది. చీకట్లో చూసిన సుబ్బరాయుడు ఒకసారి దానికి నమస్కారం పెట్టాడని అంటారు.

నెల తిరిగాక ఒక సాయంత్రం, షాపు మూసే వేళకి లహరి మిషను పక్కన నిలబడి, "అత్తా" అంది.

"కూచుని చెప్పవే."

"కూచోలేను. మోచెయ్యి."

ప్రమీలారాణి పాదం మిషను మీద ఆగింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"హాస్టల్లో ఉన్నప్పట్నుంచీ. వస్తుంది, పోతుంది. నెల బాగుంటుంది, మళ్ళీ మొదలు. ఇక్కడికొచ్చాక బాగా ఎక్కువైంది. ఆటోలో ఒక అంచున కూచుని వెళ్తున్నా. క్లాసులో గోక్కోవాలనిపిస్తే పళ్ళు బిగబట్టి ఎక్కాలు చెప్పిస్తున్నా. పిల్లలకి ఇరవయ్యో ఎక్కం దాకా వచ్చేసింది అత్తా."

"ఓస్, ఇంతేనా! నీ ముందు రెండొందల మోచేతులు బాగుచేసా. ఆ లారీల వెనక ఆటోలో వెళ్తే దుమ్ము కొట్టుకోదూ?"

సబ్బు, తెల్లబడే మందు, పౌడరు. మేనకోడలు కదా అని రెండు మూతల చోట నాలుగు పోసింది. వారం తిరిగేసరికి మంట రెండింతలైంది. అప్పుడు ప్రమీలారాణి తనే మందులషాపు చిన్నబాబు దగ్గరికెళ్ళింది. షాపులో నలుగురు మగవాళ్ళున్నారు. "బాబూ, మా అమ్మాయికి మోచెయ్యి దురద. పాతదే. గట్టి మందు కావాలి."

"మోచెయ్యాండీ? అక్కడ తోలు మందం కదా, మామూలుది పనిచెయ్యదు" అని చిన్నబాబు ఒక ట్యూబు తీసిచ్చాడు. పాపం అతని తప్పేముంది, నిజంగా మోచేతికే ఇచ్చాడు.

ఆ ట్యూబు రాసిన రెండో రోజుకి దురద మాయమైంది. ప్రమీలారాణి ఆ రెండు రోజులూ నేల మీద నడవలేదు. అయిదో రోజు మందు ఆపితే ఆరో రోజుకి మళ్ళీ మొదలైంది. మళ్ళీ రాసింది, తగ్గింది. ఆపింది, ముందుకన్నా ఎక్కువగా వచ్చింది. అలా మూడు ట్యూబులయ్యాయి. రెండు నెలలు గడిచేసరికి లహరికి ఒంటికి వెళ్ళాలన్నా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. బళ్ళో మంచినీళ్ళు తాగడం మానేసింది.

ఒక ఆదివారం నందిగామ వెళ్తే, పీట మీద కూచోబోయి మొహం చిట్లించిన కూతుర్ని జగన్నాథరావు చూశాడు. "ఏమ్మా, ఏమైంది?"

అలవాటైన మాట నోటికొచ్చేసింది. "మోచెయ్యి, నాన్నా."

పీట మీద కూచోడానికీ మోచేతికీ ఏం సంబంధమని ఆయన అడగలేదు. టీచరు కదా, బోర్డు మీద రాసి రాసి అరిగిపోయిందనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే పొలం పని ఆపుకుని బెజవాడ ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. లహరి దారి పొడుగునా బస్సులో నిలబడే ఉంది. డాక్టరు మోచేతిని వంచి, తిప్పి, ఎక్స్‌రే తీయించాడు. "లోపం ఏమీ లేదండీ. ఇంత శుభ్రమైన మోచెయ్యి ఈ మధ్య చూడలేదు" అన్నాడు. జగన్నాథరావు ఆ ఎక్స్‌రేని పాస్‌పుస్తకంలా గుండెకి పెట్టుకుని పేటకొచ్చి చెల్లెలికి అప్పగించాడు. "ఎముక బానే ఉందంట ప్రమీలా. అయినా పిల్ల చిక్కిపోతోంది. నరమేమో కనుక్కోవాలి."

నవ్వొచ్చింది ప్రమీలారాణికి. ఆ నవ్వు నాలుగు రోజులే నిలిచింది.

గురువారం లహరి తన భుజం సంచి జిప్పు పోయిందని షాపులో పెట్టి వెళ్ళింది. బాగు చేద్దామని తిరగేస్తే మడత పెట్టిన కాగితం పడింది. అందమైన చేతిరాత. పై అధికారులకి. 'కుడి మోచేతి బాధ తీవ్రంగా ఉండి, బోధన చేయలేని స్థితిలో ఉన్నందున, నా ఉద్యోగానికి రాజీనామా సమర్పించుకుంటున్నాను.' కింద తారీఖు: సోమవారానిది.

తన మాట ఏదో ఒకనాడు గవర్నమెంటు కాగితం ఎక్కుతుందని ఎవరైనా జోస్యం చెప్పి ఉంటే ప్రమీలారాణి ఊరంతా టముకు వేయించేది. ఇప్పుడు నిజంగానే ఎక్కింది. ఆవిడ ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, ఎక్కడిది అక్కడ పెట్టి, మిషను ముందు చేతులు కట్టుకుని కూచుంది. ఆ పూట కీసర దాకా ఒక్క తీగ కూడా ఊగలేదు.

సాయంత్రం లహరి రాగానే, "ఎందుకే?" అంది.

లహరికి అర్థమైంది. గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఇదేదో పాడు రోగం అత్తా. నాలుగేళ్ళయింది. మందేస్తే పోయేదైతే ఈపాటికి పోయేది. ఎవరికన్నా తెలిస్తే... నేను ఏ తప్పూ చెయ్యలేదు అత్తా, నీ మీద ఒట్టు."

"ఛీ, నిన్నెవరన్నారే!"

"ఎవరూ అనలేదు. ఎవరికీ తెలీదుగా."

శనివారం ఇద్దరూ నందిగామ బస్సెక్కారు. అక్కడ డాక్టరు వైదేహి అనే ఆవిడ చిన్న క్లినిక్కు పెట్టింది. సాక్ష్యం కావాలేమోనని ప్రమీలారాణి ఎక్స్‌రే కవరు కూడా సంచిలో పెట్టుకుంది. దారంతా ఏం చెప్పాలో మనసులో కుట్టుకుంటూ, విప్పుకుంటూ కూచుంది.

"చెప్పండమ్మా, ఎవరికి?" అంది డాక్టరు.

"మా మేనకోడలికండీ. మోచెయ్యి."

డాక్టరు లహరి చేతిని పట్టుకుని అటూ ఇటూ చూసింది. "ఇక్కడ నొప్పా?"

"ఫోటో కూడా ఉందండీ" అని ప్రమీలారాణి కవరు తీసిచ్చింది. డాక్టరు కిటికీ వెలుగులో పెట్టి చూసింది. "బానే ఉందిగా!"

"బానే ఉంటుందండీ. దానికేం కాలేదసలు."

"మరి?"

"ఈ మోచెయ్యి కాదండీ. వేరే మోచెయ్యి."

"ఎడమదా?"

"దానికి కుడీ ఎడమా లేవండీ."

డాక్టరు ఎక్స్‌రే కింద పెట్టి కళ్ళజోడు సవరించుకుంది. పక్కన నిలబడ్డ నర్సు ఆరోగ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చేప కడుపులోంచి సూది తీసిన ప్రమీలారాణి, మాస్టార్ని బదిలీ చేయించిన ప్రమీలారాణి, ఒక్క మాట బయటికి తియ్యలేక చెమటలు కక్కింది. పక్కకి చూస్తే లహరి లేచి నిలబడి ఉంది. వెళ్ళిపోదాం అత్తా అన్నట్టుంది ఆ చూపు. బయటికెళ్తే సోమవారం వస్తుంది. ఆ కాగితం వెళ్తుంది.

"ఒంటికి వెళ్ళే చోటండీ!" అంది ప్రమీలారాణి. గొంతు మరీ పెద్దదైంది. బయట వరండాలో ఎవరో దగ్గడం ఆపారు. "కాళ్ళ మధ్య. బయట, చర్మానికి. దురద, మంట. నాలుగేళ్ళుగా వస్తోంది, పోతోంది. నేనే మోచెయ్యి అని పేరు పెట్టా. నా బుద్ధి తక్కువై."

లహరి మళ్ళీ కూచుని చేతుల్లో మొహం దాచుకుంది. డాక్టరు కుర్చీ ముందుకి జరుపుకుంది. "దానికి పేరుందమ్మా. యోని అంటాం. బయటుండే భాగాన్ని బయటి పెదవులు అంటాం. చెయ్యి, కాలు అన్నట్టే. ఇదే బాధతో ఇవాళ ఈ గదిలోకి వచ్చినవాళ్ళలో నువ్వు మూడోదానివి" అని లహరి వైపు తిరిగింది. "చూడాలి. నీకు సరేనా? అత్తయ్య ఉండాలా, బయట కూచోబెట్టనా?"

"ఉండనీండి" అంది లహరి.

ఆరోగ్యమ్మ తెర లాగింది. చూడటానికీ, పరీక్షకి దూదితో కాస్త తీసుకోడానికీ ఎంతోసేపు పట్టలేదు. చేతులు కడుక్కొచ్చి, ఏమేం వాడారో చెప్పమంది డాక్టరు. ప్రమీలారాణి మొదట కాస్త గొప్పగానే ఎత్తుకుంది. సబ్బు రెండు పూట్లా... తెల్లబడే మందు నాలుగు మూతలు... వాసన పౌడరు... మోచేతి ట్యూబు మూడు... ఒక్కోటి చెప్తున్నకొద్దీ గొంతు కిందికి దిగిపోయింది.

"గంజి?" అంది డాక్టరు, లహరి చీర కుచ్చిళ్ళ వైపు చూస్తూ.

"పెట్టానండీ."

"లోపలి బట్టలక్కూడా?"

"బట్టంటే బట్టే కదండీ..."

డాక్టరు నవ్వాపుకోలేకపోయింది. లహరి కూడా చేతుల్లోంచి తల పైకెత్తింది. ఆ మూడు నెలల్లో ఆ పిల్ల మొహంలో నవ్వు లాంటిది కనిపించడం అదే మొదలు.

"వినమ్మా లహరీ. ఇది అంటురోగం కాదు. తప్పు చేస్తే వచ్చేది కాదు. మురికి వల్ల వచ్చింది అసలే కాదు. కొందరి చర్మం పుట్టుకతోనే కాస్త అలిగే రకం. చిన్నప్పుడు మోకాళ్ళ వెనకాల, మెడ దగ్గర దద్దుర్లేమైనా వచ్చేవా?"

"వచ్చేవండీ."

"అదే. అక్కడి చర్మం కనురెప్పంత పల్చన. కనురెప్పని సబ్బేసి రుద్దుతావా? గాయాల మందు పోస్తావా? రుద్దినకొద్దీ అది పగిలింది, పగిలేసరికి దురద, గోకితే ఇంకా దురద. దాని మీద ఆ ట్యూబు. ముందు హాయిగా ఉంటుంది, వాడగా వాడగా తోలు ఇంకా పల్చబడుతుంది. ఆపగానే భగ్గుమంటుంది."

"అంటే," అంది ప్రమీలారాణి నెమ్మదిగా, "పల్చటి మల్లు గుడ్డని బండకేసి బాదానన్నమాట."

"బాది, గంజి కూడా పెట్టారు."

ఆ తరవాత డాక్టరు చెప్పింది వింటే ప్రమీలారాణికి ఇది వైద్యమేనా అని అనుమానమొచ్చింది. అన్నీ మానెయ్యడమే. సబ్బు వద్దు, మందు నీళ్ళు వద్దు, పౌడరు వద్దు. రోజుకోసారి ఉత్త నీళ్ళతో కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దాలి. వాసన లేని ఉత్త పెట్రోలియం జెల్లీ పల్చగా రాస్తే చెమటా ఒంటేలూ తగిలినా మండదు. దురద లేస్తే గోరు పెట్టకుండా చల్లటి తడిగుడ్డ కాసేపు. గోళ్ళు కత్తిరించుకోవాలి. వదులైన నూలు బట్టలు, సబ్బు పోయేదాకా మూడు నీళ్ళలో జాడించినవి. మంచినీళ్ళు బాగా తాగాలి. పరీక్షకి పంపినవాటిలో వేరే ఏమీ లేకపోతే తేలికపాటి పూతమందు తను చెప్పినన్ని రోజులే, చెప్పినట్టే తగ్గించుకుంటూ.

"మొదటి వారం ఇంకా మండినట్టుంటుంది. భయపడి పాత ట్యూబు జోలికి పోవద్దు. తెల్లబట్ట వాసనొచ్చినా, పుండు పడినా, రెండు మూడు వారాల్లో తగ్గకపోయినా వెంటనే రా. ఇంకోటి, ఇది మళ్ళీ ఎప్పుడో ఒకసారి రావచ్చు. వస్తే నీకు ఏం చెయ్యాలో తెలుసు. అంతే తేడా."

"ఉద్యోగం చెయ్యొచ్చాండీ?" అంది లహరి. ఆ గదిలోకొచ్చాక తనంతట తను అడిగిన మొదటి మాట అది.

"ఎందుకు చెయ్యకూడదు? మూడు వారాలు సెలవు రాసిస్తా. తరవాత వెళ్ళి కూచుని పాఠం చెప్పు."

పేటలో దిగగానే ప్రమీలారాణి తిన్నగా చిన్నబాబు షాపుకెళ్ళి సగం వాడిన ట్యూబు కౌంటరు మీద పెట్టింది. "ఇది మోచేతికి కాదు బాబూ."

"మోచేతికేనని మీరే అన్నారు కదండీ!"

"అన్నా. తప్పు నాదే. కానీ ఏ మోచెయ్యి అని నువ్వైనా అడగొద్దూ?"

"మోచెయ్యికి ఇంకో మోచెయ్యి ఉంటుందని నాకేం తెలుసు తల్లీ!" అన్నాడు చిన్నబాబు.

పరీక్షలో వేరే ఏమీ తేలలేదు. డాక్టరు చెప్పినట్టే మొదటి వారం మాత్రం నరకంలా గడిచింది. ఒక రోజు లహరి, "ఒక్కసారి రాసుకుంటా అత్తా, ఆ ట్యూబు" అని ఏడ్చింది. ప్రమీలారాణి తడిగుడ్డ పిండి చేతికిచ్చి, పక్క గదిలోంచి చేప కథ మొదలుపెట్టింది. ఈసారి చేప కడుపులో సూదితో పాటు దారపు ఉండ, సగం కుట్టిన జాకెట్టు కూడా దొరికాయి. "కొలత ఎవరిదత్తా?" అని లోపలి నుంచి అడిగింది లహరి. "చేపదే" అంది ప్రమీలారాణి. రెండో వారానికి పిల్ల రాత్రిళ్ళు కదలకుండా నిద్రపోయింది.

ఆ ఆదివారం జగన్నాథరావు వచ్చాడు. హైదరాబాదులో నరాల డాక్టరు పేరు ఎవరో చెప్పారట, చీటీ మీద రాసుకొచ్చాడు. ప్రమీలారాణి ఆయన్ని షాపులో బల్ల మీద కూచోబెట్టి, మిషను తొక్కుతూనే, తలెత్తకుండా, "అన్నయ్యా, అది మోచెయ్యి కాదు" అంది. తరవాత మొత్తం చెప్పేసింది. డాక్టరు చెప్పిన పేరుతో సహా. సబ్బు సంగతి, ట్యూబు సంగతి, గంజి సంగతి, ఆ కాగితం సంగతి.

జగన్నాథరావు చేతిలో చీటీ నాలుగు మడతలైంది.

"ప్రాణానికేం కాదుగా?"

"కాదు."

"ఉద్యోగం?"

"అది దాని ఇష్టం. ఆ కాగితం ఇంకా దాని సంచిలోనే ఉంది."

ఆయన చెప్పులేసుకుని బస్టాండు వైపు నడిచాడు. కాఫీ కూడా తాగలేదు. ఆడపిల్ల సంగతి తండ్రికి అలా చెప్పెయ్యొచ్చా, కోపమొచ్చిందేమోనని ప్రమీలారాణి ఆ రెండు రోజులూ నలిగిపోయింది.

మంగళవారం నందిగామ బస్సు కండక్టరు ఒక మూట తెచ్చి ఇచ్చాడు. విప్పితే నాలుగు పాత పంచెలు. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డవి, ఎండ వాసన వేస్తున్నవి. పైన చీటీ. వెనక వైపు హైదరాబాదు డాక్టరు పేరు కొట్టేసి ఉంది. ముందు వైపు ఒక్క ముక్క: 'గంజి పెట్టలేదు. లోపలి వాటికి పనికొస్తాయేమో చూడు.'

ప్రమీలారాణి దాన్ని లహరికి చూపించింది. లహరి చదివి, పంచె చెంపకి ఆనించుకుంది.

కుట్టు మొదలైంది. ఇన్నాళ్ళూ అందరి లోపలి బట్టలకీ నాలుగు కుట్లూ సరిగ్గా కాళ్ళ మధ్యకే వచ్చి కలిసేలా కుట్టింది. ఒరుసుకునేది అక్కడే కదా! ఆ చోట కుట్టు రాకుండా నాలుగు పలకల మెత్తటి ముక్క వేస్తే సరి. దానికి నమూనా కత్తిరించాలి. "కాస్త దళసరి కాగితం ఉంటే చూడవే" అంది.

లహరి లోపలికెళ్ళి సంచి తెచ్చింది. మడత పెట్టిన కాగితం తీసి మిషను మీద పెట్టింది. "ఇది పనికొస్తుందా అత్తా?"

ప్రమీలారాణి ఆ పిల్ల మొహంలోకి ఒకసారి చూసి, మాట మారుతుందేమోనని గబగబా కత్తెర అందుకుంది. రాజీనామా పలకలుగా తెగింది. 'కుడి మోచేతి బాధ' అన్న ముక్క సరిగ్గా మధ్యలోకొచ్చింది.

సెలవైపోయిన సోమవారం లహరి ఆటో ఎక్కింది. ప్రమీలారాణి సందు చివర నిలబడి చూసింది. ఆ పిల్ల చీర సర్దుకుని, సీటు మీద వెనక్కి ఆనుకుని, పూర్తిగా కూచుంది. ఆటో లారీ వెనక దుమ్ములో కలిసిపోయేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆ తరవాత ఏడాదికి ఒకటి రెండుసార్లు అది మళ్ళీ రాకపోలేదు. పరీక్షల రోజుల్లో, బాగా ఉక్క పోసినప్పుడు. లహరి రాజీనామా రాసేది కాదు. ఒక డబ్బా జెల్లీ తెచ్చుకునేది, చల్లటి గుడ్డ పెట్టుకునేది, తగ్గకపోతే నందిగామ బస్సెక్కేది. ఆ బడి పిల్లలకి మాత్రం కొంత నష్టం జరిగింది. ఆ తరవాతి బ్యాచీలకి పన్నెండో ఎక్కం దాటి రాలేదు.

ప్రమీలారాణి షాపులోని చెక్క బల్లని వీధిలో వేపకొమ్మ నీడకి జరిపించింది. "మగవాళ్ళకి బయట గాలి మంచిదని డాక్టరు చెప్పింది" అని ప్రకటించింది. ఏ డాక్టరో ఎవరూ అడగలేదు. లోపలికొచ్చిన ఆడపిల్ల ఎవరైనా గొంతు తగ్గించి, "అక్కా, మోచెయ్యి..." అంటే, టేపు పక్కన పెట్టి, "ఏ మోచెయ్యి? ఇక్కడెవరూ లేరు, పేరు పెట్టి చెప్పు. నేనైతే వైద్యం మానేశా. ఉత్త నీళ్ళతో కడుక్కుని నందిగామ డాక్టరు దగ్గరికెళ్ళు" అనేది. కొందరు చెప్పేవారు, కొందరు ఏడ్చేవారు, చాలామంది ముందు నవ్వేవారు.

రెండు వేల ఎనిమిదిలో షాపుకి కొత్త సున్నం వేయించినా, అప్పట్నుంచీ పడమటి కిటికీకి అడ్డంగా వేలాడుతున్న ఆ ఎక్స్‌రేని ఆవిడ తియ్యనివ్వలేదు. సాయంత్రం ఎండ దాన్లోంచి మిషను మీద పడేది. ఎవరిదండీ అని అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు:

"మా మేనకోడలి మోచెయ్యి. కృష్ణా జిల్లాలో ఇంత ఆరోగ్యంగా ఉన్న మోచెయ్యి ఇంకోటి లేదు. బెజవాడ డాక్టరు సంతకం పెట్టి మరీ ఇచ్చాడు!"